ఊదిన నీళ్లు

మగ్రిబ్ అయినంక
మసీదు మెట్ల కాడ చెంబులు నిలబడేవి.
ఇత్తడివి, స్టీలువి, మూతపోయిన హార్లిక్స్ సీసా ఒకటి.
చంకల్ల పిల్లలు: ఒళ్లు కాలేటోళ్లు, పాలు కక్కేటోళ్లు,
నిద్రల ఉలిక్కిపడేటోళ్లు.
గొల్ల లచ్చమ్మ, చాకలి నర్సమ్మ, మా ఖాలా బీబమ్మ
ఒక్క వరుసల.
అబ్బా బయటికొచ్చి
పెదాలు కదిలించి మూడుసార్లు ఊదేటోడు.

మర్రిగూడ దిక్కు బోరు నీళ్లవి.
అబ్బా ఊపిరికి జరం దిగేది.
వంకరపోయిన కాళ్లు వంకరనే ఉండేవి.
ఏ ఆయతు మాటా
ఫ్లోరైడు వినలే.

మదార్ సాబంటే ఒక్క పని కాదు ఊరికి.
దావతుల యాటకు కత్తి పెట్టేది అబ్బానే.
అబ్బా కొయ్యంది
కూర ముట్టని ముసలోళ్లు ఉండె.
పీర్లు లేస్తే ముందు నడిచేది,
పీనుగకు ఆఖరి స్నానం పోసేది,
తెల్లారక ముందే చీపురు పట్టి మసీదు ఊడిసేది
అన్నీ ఆయన్నే.
జీతం?
కల్లం కాడ ఇంటికో కుంచెడు వడ్లు.
కరువొచ్చిన యేడు ఒట్టి సలామే.

అబ్బా మట్టిలకు పోయి పదకొండేండ్లు.
ఇప్పుడు కమిటీ ఉన్నది.
కమిటీకి రసీదు బుక్కున్నది, వాట్సాప్ గ్రూపున్నది.
సున్నం గోడ కూలగొట్టి లేపిన రెండు మీనార్లకు
రాత్రంతా పచ్చలైట్లు.
ఇమాం సాబుది బీహారు, అరరియా జిల్లా.
పేరు ముబష్షిర్. ఇరవై ఆరేండ్లు, గడ్డం ఇంకా నిండలే.
నెలకు పదివేలు, ఫోన్‌పేల.
సగం తల్లికి పంపుతడని
కిరాణం షాపు చంద్రయ్య చెప్పిండు.

మొదటి జుమ్మాకే అన్నడట:
పీర్ల కాడికి పోవద్దు, తావీజులు కట్టొద్దు,
నీళ్లు ఊదుడు నా పని కాదు.
ఆయనకు తెలుగు రాదు, లచ్చమ్మకు ఉర్దూ రాదు.
చెంబు పట్టుకొని చీకటి పడేదాక
నిలబడే ఉన్నదామె.
నాకు కడుపు మండింది.
అషుర్ఖానా తాళం చూసినప్పుడల్లా అదే మంట.
అలాయి గుండం పూడ్చిన కాడ
బైకులు పెడుతున్నరు.

అయితే నిజం చెప్పాలె.
అదే పిలగాడు మసీదు పక్క అర్రకు
ఇంకో తలుపు పెట్టించిండు, ఆడోళ్లకని.
కమిటీల ముగ్గురు అలిగిన్రు. అలగనీ అన్నడు.
పింఛన్ల కాగితాలు, రేషను కార్డులు,
కిడ్నీలు పోయినోళ్ల డయాలసిస్ చీటీలు
ఇషా అయినంక నేల మీద కూసొని నింపుతడు.
తెలుగు నా దగ్గరే నేర్సుకుంటుండు,
అంగన్‌వాడీ పిల్లల పలక మీదనే.
"ళ" కాడ నాలిక తిరగక
తనే నవ్వుతడు.

నలభై ఏండ్లు నమాజు చదివించినాయన బిడ్డను.
నాకు యాభై రెండు.
అబ్బాకు బువ్వ గిన్నె తీస్కొని
గడప దాకనే పోయిన.
లోపలికి రమ్మని ఆయన అనలే, నేనడగలే.
పోయిన జుమ్మాకు
పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి
పర్దా సందుల నుంచి మెహ్రాబు చూసిన.
అబ్బా నిలబడ్డ తావుల షాబాదు బండ ఉండెనట,
ఆయన మడమలకు అరిగి
రెండు గుంటలు పడ్డయట.
ఇప్పుడాడ తెల్ల టైలు, మొఖం కనబడేటంత నునుపు.
రానిచ్చినోడే గుంటలు పూడ్చిండు.
గుంటలు చేసినోడు రానియ్యలే.
ఎవల్ని తిట్టాలె నేను?

బయటికొస్తే మల్ల లచ్చమ్మ.
సంకల మునిమనవరాలు, చేతుల చెంబు.
"నువ్వన్న ఊదు బిడ్డా,
మీ నాయిన నోరు నీకు రాలేదా?"

అటిటు చూసిన.
నాకొచ్చిన ఒక్క ఆయతు చదివిన.
మూడుసార్లు ఊదిన.
మూడోసారి ఊపిరి సరిపోలే.
పిల్ల నెత్తి ముట్టుకుంటే పెనం లెక్కున్నది.
"దవాఖానకు తీస్కపో, ఇయ్యాల్నే."
"తీస్కపోత గని
ఇవి తాగిచ్చినంకనే" అన్నది.

తలుపు కాడ ఇమాం సాబు.
ఎప్పటి నుంచి చూస్తుండో.
ఏమన్న అంటడనుకున్న.
ఏమనలే,
కుర్తా జేబుల చెయ్యి పెట్టి
బైకు తాళంచెవి దేవులాడుతుండు.